అగ్గిపుల్లయు శాసనమును

నిప్పు పుట్టించుట పూర్వము సులభమైన పని కాదు. యజ్ఞశాలలో అరణిని మథించి అగ్నిని సాధించుట క్రతువులో నొక భాగముగానే యెంచబడెను. గృహస్థుని యింటిలో నైతే రాత్రి పొయ్యిలోని నిప్పును నివురుతో కప్పి తెల్లవాఱువఱకు కాపాడుట ఇల్లాలి వంతు. అది ఆఱిపోయినచో పిడక చేతబట్టుకొని పొరుగింటికి పోవలసినదే. చుట్ట కాల్చువాడు చెకుముకిరాయిని, ఉక్కుముక్కను, దూదిని మొలలో దోపుకొని తిరిగెడివాడు. ఇంత శ్రమను ఒక్క గీతతో తీర్చిన అగ్గిపుల్లను మనము చిన్న వస్తువుగా చూచుచున్నాము గాని, పందొమ్మిదవ శతాబ్దపు పరిశ్రమలు కల్పించిన వస్తువులలో దానివలె ఇంటింటికిని చేరినవి కొలదిగనే యున్నవి.

ఒకనాడు మేము తరగతిలో అగ్నినిగూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "పుల్ల పెట్టెకు గీస్తేనే అంటుకుంటుంది, గోడకు గీస్తే అంటుకోదు, ఎందుకండీ మాష్టారూ?" అని యడిగెను. పెట్టె ప్రక్కను పూసిన పూతలో ఎఱ్ఱ భాస్వర మున్నది, పుల్ల తలలో అది లేదు, రెండును రాచుకొన్నగాని నిప్పు పుట్టదు అని రసాయనశాస్త్రము చెప్పు సమాధానము. మేమును అదియే చెప్పితిమి. ఆ సమాధానము సత్యమే గాని పూర్ణము కాదు. గోడకు గీచినను, చెప్పు అడుగున గీచినను భగ్గున మండు తెల్ల భాస్వరపు పుల్లలు ఒకప్పుడు లోకమంతట నుండెను. అవి లేకుండ పోయినది శాస్త్రజ్ఞుల ప్రతిభవలన మాత్రమే కాదు. శాస్త్రము తన పని ముగించిన తరువాత, ప్రభుత్వములు తమ పని చేయుటకు ఏబది సంవత్సరములకు మించి పట్టెను. ఆ కాలమంతయు ఏమి జరిగినదో తెలిసికొనుట నేటివారికిని అవసరమని మా తలంపు.

భాస్వరమును 1669లో జర్మనీలోని హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండు అను రసవాది కనుగొనెను. బంగారము చేయగోరి మూత్రమును కాచి కాచి ఇంకించగా, చీకటిలో తనంత తాను వెలుగు మైనమువంటి పదార్థము లభించెను. వెలుగును మోయునది యను అర్థముగల గ్రీకు పేరు దానికి వచ్చినది. మనవారు భాస్ ధాతువునుండి భాస్వర మని చక్కని పేరు చేసికొనిరి. 1827లో ఇంగ్లండులోని స్టాక్టన్ పట్టణమున జాన్ వాకర్ అను మందుల వర్తకుడు మొదటి రాపిడి పుల్లలను అమ్మెను. వానిలో భాస్వరము లేదు. అతడు తన కల్పనకు పేటెంటు సయితము తీసికొనలేదు. ఆ పుల్లలు ఒకప్పుడు అంటుకొనును, ఒకప్పుడు అంటుకొనవు. అంటుకొన్నచో చిటపటలాడి నిప్పురవ్వలు బట్టలమీద పడును. మూడు నాలుగు సంవత్సరములలో ఫ్రాన్సు దేశీయుడైన షార్ల్ సోరియా పుల్ల తలలో తెల్ల భాస్వరమును కలిపెను. దానితో పుల్ల ఎచ్చట గీచినను మండెను, ధర తగ్గెను, వాడుక ఖండములు దాటెను.

ఆ పుల్లలు చేయు విధ మిట్టిది. భాస్వరమును, జిగురును వెచ్చగా కరగించి ముద్ద చేయుదురు. చట్రములలో బిగించిన పుల్లల కొనలను ఆ ముద్దలో ముంచి ఆఱబెట్టుదురు. ఆఱిన పుల్లలను పెట్టెలకు సరిపడ కోసి నింపుదురు. ముంచువారు మగవారు, నింపువారు ఎక్కువగా స్త్రీలు, పిల్లలు. ఆ గదులలో వెల్లుల్లి వాసనవంటి ఆవిరి ఎల్లప్పుడును క్రమ్మియుండెను. చీకటి పడిన పిమ్మట ఇంటికి పోవు కూలిపిల్లల బట్టలు మిణుకుమిణుకు మనుచుండెనని ఆ కాలపువారు వ్రాసియున్నారు. అన్నము తిను చేతులును ఆ చేతులే. కొన్ని సంవత్సరము లిట్లు గడచిన పిమ్మట కొందఱికి పంటినొప్పి ప్రారంభమగును. పన్ను తీసినను పుండు మానదు. దవడ వాచి, చీము పట్టి, దుర్గంధము వెడలును. ఆ రోగితో ఒక గదిలో కూర్చుండుట ఇంటివారికే దుర్భరము. దవడయెముక చచ్చి ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చును. శస్త్రవైద్యుడు దవడను తీసివేసినచో ముఖము చెడియు ప్రాణము దక్కవచ్చును. తీయనిచో విషము రక్తమున వ్యాపించి మరణము సంభవింపవచ్చును. 1845లో వియన్నా నగరమునందలి లోరిన్సర్ అను వైద్యుడు ఇట్టి రోగులను పరీక్షించి, ఇది అగ్గిపుల్లల కార్ఖానానుండి వచ్చిన వ్యాధి యని ప్రకటించెను.

(ఈ వ్యాధి చరిత్రలో కలిసిపోయినదని వైద్యులు తలంచుచుండగా, 2003లో అమెరికాలోని రాబర్ట్ మార్క్స్ అను ముఖశస్త్రవైద్యుడు అచ్చముగా ఇటువంటి దవడలు గల 36 మంది రోగులను వర్ణించెను. వారు అగ్గిపుల్లలు చేసినవారు కారు. ఎముకలకు పాకిన పుట్టకురుపు మొదలగువానికి బిస్ఫాస్ఫొనేటు లను భాస్వరసంబంధమైన మందులను పుచ్చుకొన్నవారు. పాత కార్ఖానాల వైద్యులు వ్రాసిపెట్టిన వర్ణనలు నూఱేండ్లకు పైబడిన తరువాత మరల చదువబడినవి.)

వింత యేమనగా, రోగమును కనిపెట్టిన వియన్నా నగరమే మందును గూడ కనిపెట్టినది. అచ్చటి రసాయనాచార్యుడు ఆంటన్ ష్రోట్టర్ కొలది కాలములోనే తెల్ల భాస్వరమును గాలి తగులకుండ వేడిచేసి ఎఱ్ఱ భాస్వరముగా మార్చు విధానమును నెలకొల్పెను. ఇది చీకటిలో వెలుగదు, ఆవిరి విడువదు, దవడను తినదు. స్వీడనులో గుస్తాఫ్ ఎరిక్ పాష్ అంతకుమున్నే, 1844లో, నిప్పు పుట్టించు పదార్థములలో భాస్వరమును పుల్లనుండి వేఱుచేసి పెట్టెమీదికి మార్చు యుపాయమునకు పేటెంటు పొందియుండెను. యోంషోపింగ్ పట్టణములోని లండ్‌స్ట్రోం సోదరులు ఈ రెంటిని జోడించి చేసిన పెట్టెలకు 1855లో పారిసు ప్రదర్శనమున పతకము లభించెను. నేడు మన వంటయింట నున్న పెట్టె ఆ పెట్టె సంతతియే.

కావున 1855 నాటికి వ్యాధి తెలిసినది, కారణము తెలిసినది, కారణము లేని మార్గమును తెలిసినది. ఇక కావలసిన దేమి? సత్యము తెలిసిన పిమ్మట లోకము దానిని తనంత తానే అనుసరించు నని నమ్ము విద్యావంతులు మనలో పలువురు గలరు. మేమును ఆ నమ్మకముతోనే పెరిగినవారము. అగ్గిపుల్ల చరిత్ర ఆ నమ్మకమును నిలువనీయదు.

లండనులోని బ్రయంట్ అండ్ మే కంపెనీవా రీ కథలో తఱచు దుష్టపాత్రలుగా కనబడుదురు. వారికి న్యాయము చేయుట మంచిది. ఆ యిరువురును క్వేకరు మతస్థులు, ధర్మభీతి గలవారు. 1855లోనే స్వీడను సోదరులనుండి బ్రిటనుకు సంబంధించిన హక్కులను కొనిరి. క్షేమకరమైన పుల్లలను చేసి అమ్మిరి. కొనువారు తక్కువ. ఎఱ్ఱ భాస్వరము ప్రియము. పుల్ల గీచుటకు పెట్టె వెంట నుండవలెను. తెల్ల భాస్వరపు పుల్లయో చవుక, ఎచ్చట గీచినను మండును. పుల్ల కొనువాని దవడకు బాధ లేదు. బాధ పడువాడు పుల్ల కొనువానికి కనబడడు. అందుచే కంపెనీవారు రెండు తెగలను చేయుచు, ఎక్కువ అమ్ముడుపోవు దానినే ఎక్కువగా చేసిరి. ధర్మభీతి బజారులో ఓడిపోయినది. ఇట్టిచోటనే ప్రభుత్వము ప్రవేశింపవలెను.

ప్రభుత్వము ప్రవేశింపకపోలేదు. 1862లో బ్రిస్టో అను వైద్యుని పంపి విచారణ చేయించెను. 1864 నాటి ఫ్యాక్టరీ చట్టముచేత అగ్గిపుల్లల పరిశ్రమ మొదటిసారి శాసనమునకు లోబడెను. పిల్లల పనిగంటలు తగ్గెను. పని జరుగు గదిలో అన్నము తినరాదని నిషేధము వచ్చెను. ఇవి మంచి నియమములే. కాని వీనిని శ్రద్ధతో చదువువారి కొకటి తోచును: శాసనము కూలివాని చేతులను చూచినది, నోటిని చూచినది, భోజనపు గదిని చూచినది, మూకుడులోని ముద్దను మాత్రము చూడలేదు. విషమును అట్లే యుంచి, విషముతో మెలగువానికి జాగ్రత్తలు నేర్పినది. జాగ్రత్త తప్పినచో తప్పు వానిదే యగును గదా! తరువాతి నలువది యేండ్ల బ్రిటిషు నియమములన్నియు ఈ త్రోవనే నడచినవి: చేతులు కడుగుకొనుము, గాలి వచ్చునట్లు కిటికీలు పెట్టుము, పంటివైద్యునికి చూపింపుము.

మధ్యలో నొక యుదంతము చెప్పక తప్పదు. 1871లో బ్రిటిషు ఆర్థికమంత్రి రాబర్ట్ లో అగ్గిపెట్టెలపై అరపెన్నీ పన్ను వేయ బూనెను. కాంతినుండి కొంచెము లాభము అను అర్థము వచ్చునట్లు లాటిను భాషలో నొక చమత్కారమును గూడ సిద్ధము చేసికొనెను. ఆయన పండితుడు, పండితులకు శ్లేష దొరికిన తరువాత వివేకము నిలుచుట కష్టము. కార్ఖానాల యజమానులు మా కూలిపిల్లలు పస్తులుందురే యని ఆక్రోశించిరి. అగ్గిపుల్లల కూలివారు వేలకొలదిగా ఊరేగింపుగా పార్లమెంటునకు నడచిరి. పన్ను ఉపసంహరింపబడెను. యజమానులకు ఆ పిల్లల ఆకలి ఆనాడు చక్కగా కనబడినది.

ఇంతలో చిన్న దేశములు పెద్ద పని చేసినవి. ఫిన్లాండు 1872లో, డెన్మార్కు 1874లో తెల్ల భాస్వరపు పుల్లలను నిషేధించెను. కూలివాడు చేతులు కడుగుకొనెనా లేదా యని చూడవలసిన పని ఆ దేశముల అధికారులకు లేకపోయెను. స్విట్జర్లాండు అనుభవము వేఱు; అది మిక్కిలి బోధకరమైనది. అచ్చట 1879లో నిషేధము శాసింపబడెను. కార్ఖానాలు ఆగెను, కాని అలవాటు ఆగలేదు. సరిహద్దు దాటి దొంగపుల్లలు వచ్చెను. కొండపల్లెలలో బీదకుటుంబములు వంటయింటిలోనే ముద్ద కరగించి రహస్యముగా పుల్లలు చేయజొచ్చిరి. కార్ఖానాలో నున్నపాటి కిటికీ సయితము ఆ యిండ్లలో లేదు. బదులుగా వచ్చిన కొత్తపుల్లలు కొన్ని ప్రేలి జనులను భయపెట్టెను. 1882లో శాసనమును తీసివేసిరి. పదునాఱు సంవత్సరములు గడచిన పిమ్మట 1898లో మరల తెచ్చిరి. నిషేధించుట తప్పని దీనివలన తేలదు. ప్రొరుగు దేశము నిషేధింపక, నమ్మదగిన మాఱువస్తువు చవుకగా లేక, ఒక దేశ మొంటిగా నిషేధించినచో ఏమగునో మాత్రము తేలును.

1888 జూను 23వ తేదీన లండనులో లింక్ అను చిన్న వారపత్రికలో బ్రయంట్ అండ్ మే కార్ఖానాను గూర్చి యొక వ్యాసము వెలువడెను. లండనులో తెల్లబానిసత్వ మని దాని పేరు. వ్రాసినది అనీ బెసెంటమ్మ. తరువాత అడయారులో దివ్యజ్ఞానసమాజమునకు అధ్యక్షురాలై, 1915లో మదనపల్లెలో కళాశాల స్థాపించి, హోంరూలు ఉద్యమము నడపి, 1917లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన బెసెంటమ్మయే యీమె; అప్పటికి భారతదేశమును చూడలేదు. వాటాదారులకు నూటికి 23 వంతున లాభము పంచు కంపెనీ, పాదములు మురికిగా నున్నవని పిల్లల కూలిలో మూడు పెన్నీలు కోయుచున్నదని ఆమె బయటపెట్టెను. కంపెనీవారు కూలివారిని పిలిచి, ఈ వ్రాత అబద్ధమని చేవ్రాలు చేయు డనిరి. వారు చేయలేదు. జూలై మొదటివారములో సుమారు 1,400 మంది స్త్రీలు, బాలికలు పని విడిచి వీధిలోనికి వచ్చిరి. రెండు వారములలో గెలిచిరి.

ఈ సమ్మెను బెసెంటమ్మ నడపినదని పుస్తకములలో వ్రాయుట వాడుక. సమ్మె చేయుడని ఆమె చెప్పలేదు. కంపెనీ సరకు కొనకు డని మాత్రమే జనులను కోరెను. పని విడిచినది ఆ పిల్లల సొంత నిశ్చయము. ఆమె పిమ్మట వారికి తోడుపడి నిధి ప్రోగుచేసెను. మఱియొక పొరపాటును దిద్దవలసి యున్నది. సమ్మె భాస్వరమునకు వ్యతిరేకముగా జరిగినదని పలువురు తలంతురు. అది ముఖ్యముగా కూలికొఱకు, జరిమానాలు తీసివేయుటకొఱకు జరిగినది. గెలిచిన కోరికలలో ఒక్కటి మాత్రము వ్యాధికి సంబంధించినది: పని జరుగు చోటికి దూరముగా అన్నము తినుటకు వేఱొక గది. మూకుడులోని ముద్ద సమ్మె తరువాతను మాఱలేదు. ఆకలిగొన్నవానికి రేపటి కూలి కనబడినట్లు పది యేండ్ల తరువాతి దవడ కనబడదు. అందుకు వానిని నిందింపరాదు.

1891లో రక్షణ సైన్యమువారు లండను తూర్పుభాగమున సొంత కార్ఖానా తెఱచి, ఎఱ్ఱ భాస్వరముతో పుల్లలు చేసి, ఎక్కువ కూలి యిచ్చి చూపిరి. మన బాపట్ల సమీపమున స్టూవర్టుపురమును నడపిన సంస్థయే యిది. విషము లేకయు పుల్లలు చేయవచ్చునని లోకమునకు తెలిసెను. వారి పెట్టె ధర ఎక్కువ. పదియేండ్లు నడచి మూతపడి, ఆ కార్ఖానా బ్రయంట్ అండ్ మే వారికే అమ్ముడుపోయెను.

ఇక ప్రభుత్వము చేసిన మఱియొక ప్రయత్నమును చూతము. 1895 నాటి చట్టము ప్రకారము సీసము, ఆర్సెనికు, భాస్వరము మొదలగువానివలన కార్మికునికి విషబాధ కలిగినచో యజమాని ప్రభుత్వమునకు తెలియజేసి తీరవలెను. చూచుటకు ఎంతో ఉచితమైన నియమము. లెక్క తెలియనిదే శాసన మెట్లు? కాని లెక్క చెప్పవలసినవాడే లెక్క పెరిగినచో నష్టపడువాడు. కూలివాడును చెప్పడు, పంటినొప్పి యని నోరు తెఱచినచో పని పోవును. ఇరువురును మౌనము వహించిన చోట అధికారి చేతిలోని పట్టిక తెల్లకాగితమే. ఆ పట్టికను చూచి వ్యాధి తగ్గినదని సంతోషించినవారు గలరు. 1898లో ఒక కార్మికుని మరణవిచారణతో గుట్టు బయటపడెను. బ్రయంట్ అండ్ మే వారు పదునేడు మంది వ్యాధిగ్రస్తులను దాచిరని తేలెను; వారిలో ఆఱుగురు చనిపోయియుండిరి. న్యాయస్థానము విధించిన జరిమానా, ఖర్చులతో గూడ, ఇరువదైదు పౌనుల చిల్లర. ఆ మొత్తమును చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. పాదములు మురికియైన పిల్లకు మూడు పెన్నీలు. ఆఱు మరణములు దాచిన కంపెనీకి ఇరువదైదు పౌనులు. జరిమానా లాభముకంటె తక్కువయైనచో అది శిక్ష కాదు, వ్యాపారపు ఖర్చులలో నొకటి. అయినను ఆ కేసు వ్యర్థము కాలేదు. పత్రికలు ఊరకుండలేదు, ప్రభుత్వము థార్ప్, ఆలివర్, కన్నింగ్‌హాం అను ముగ్గురు నిపుణులను నియమించి 1899లో వివరమైన నివేదికను ప్రకటించెను.

యజమానులు లాభపరులు గనుక ఇట్లు చేసిరి, ప్రభుత్వమే యజమాని యైనచో ఇట్లు జరుగదు అని యెవరైన తలంచినచో ఫ్రాన్సును చూడవలెను. అచ్చట 1872 నుండి అగ్గిపుల్లలు ప్రభుత్వపు గుత్త; 1890 నుండి ప్రభుత్వమే స్వయముగా కార్ఖానాలు నడపెను. పారిసు చెంతనున్న ఆ కార్ఖానాలలో కూలివారి దవడలు లండనులోవలెనే చెడెను. భేద మేమనగా, అచ్చటి కార్మికసంఘములు గట్టివి. సమ్మెలు చేసి నష్టపరిహారమును రాబట్టిరి. రోగులకు భరణము ఖజానానుండి పోవుచుండగా ఖజానాకు కన్ను తెఱచుకొనెను. ప్రభుత్వపు ఇంజనీరులైన సెవేన్, కాహెన్ అనువారు 1898లో భాస్వరమును గంధకముతో కూర్చిన సెస్క్విసల్ఫైడు అను పదార్థముతో పుల్లను చేసిరి. అది ఎచ్చట గీచినను మండును, దవడను చెఱుపదు. ఆ పదార్థమును ఫ్రాన్సులోనే లెమువాన్ అను రసాయనజ్ఞుడు 1864లో కనుగొనియుండెను. ముప్పదినాలుగు సంవత్సరములు అది సీసాలో నుండెను. ఖర్చు ఎవరిమీద పడునో వారే యుపాయమును వెదకుదురని మే మనుకొనుచున్నాము.

ఇప్పుడు చవుకయు, అలవాటును గూడ సాకులుగా మిగులలేదు. బ్రయంట్ అండ్ మే వారు ఫ్రెంచి హక్కులను కొని 1901లో తెల్ల భాస్వరమును విడిచిరి. మిగిలిన సాకు ఒక్కటే: పరదేశపు పోటీ. మేము మానినచో వారు మానరు, మా సరకు అమ్ముడుపోదు అని ప్రతి దేశమును ప్రక్క దేశమును చూపెను. 1905లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున చేరిన సభలో ఈ భయము ఎంతవఱకు పోయినదనగా, జపాను గూడ చేరినగాని యొడంబడిక అమలు కారాదని షరతు పెట్టిరి; ఆసియాలోని బజారులు జపాను పుల్లలతో నిండియుండుటయే దానికి కారణము. జపాను చేరలేదు. ఆ షరతును వదలుకొని 1906 సెప్టెంబరు 26వ తేదీన ఏడు రాజ్యములు చేవ్రాలు చేసెను: జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ, డెన్మార్కు, హాలండు, లక్సెంబర్గు, స్విట్జర్లాండు. తెల్ల భాస్వరపు పుల్లలను చేయుట, దిగుమతి చేయుట, అమ్ముట ఈ రాజ్యములలో నిషిద్ధము. కార్మికుని యారోగ్యముకొఱకు ఒక పదార్థమును పలు రాజ్యములు కలిసి బహిష్కరించుట చరిత్రలో అంతకుముందు లేదు.

ఆ యేడింటిలో బ్రిటను లేదు. మా నియమములు చాలును, చేతులు కడిగించుచున్నాము, పండ్లు చూపించుచున్నాము అని ఆ ప్రభుత్వము వాదించెను. రెండేండ్లు గడచిన పిమ్మట ఆ వాదము దానికే నిలువలేదు. 1908లో నిషేధ చట్టము చేసి, ఒడంబడికలో చేరి, 1910 జనవరి 1వ తేదీనుండి అమలు పఱచెను. ఆ నడుమ ఒక చిక్కు తీఱవలసి వచ్చెను. సెస్క్విసల్ఫైడు పేటెంటు పెద్ద కంపెనీ చేతిలో నున్నది. నిషేధము వచ్చినచో చిన్న కార్ఖానాలు మూతపడి పెద్దదానికే రాజ్యము దక్కును. పేటెంటును ఇతరులు వాడుకొనుటకు కంపెనీ సమ్మతించిన తరువాతనే శాసనమునకు దారి యేర్పడెను.

అమెరికాలోను ఇదే చిక్కు. అచ్చట జాన్ ఆండ్రూస్ అను పరిశోధకుడు కార్ఖానాలవెంట, కూలివాడలవెంట తిరిగి, 1910లో నూఱుకు మించిన రోగుల వృత్తాంతములను ప్రభుత్వపు నివేదికలో ప్రకటించెను. అంతవఱకు, మా దేశమున ఆ వ్యాధి లేదని యనుకొనుచున్న వారికి మాట రాలేదు. పేటెంటు డైమండు మ్యాచ్ కంపెనీది. 1911లో ఆ కంపెనీ తన హక్కును ప్రజలకు వదలుకొనెను. అయినను కార్ఖానాలలోని పనిని నేరుగా నిషేధించు నధికారము తమకు లేదని కాంగ్రెసువారి సందేహము. పన్ను వేయు నధికారము మాత్రము నిస్సంశయముగా కలదు. అందుచే 1912 నాటి ఎష్ చట్టము తెల్ల భాస్వరపు పుల్లలు నూటికి రెండు సెంట్లు పన్ను విధించెను. ఆ పన్నుతో ఆ పుల్ల యెవనికిని గిట్టుబాటు కాదు. పన్ను ఖజానాకు రాకుండుటయే దాని ఫలము. 1871లో లండను పండితమంత్రికి చేతకాని పన్ను ఇచ్చట విషమును చంపినది.

భారతదేశమునకు ఈ శాసనము 1913లో వచ్చినది. తెల్ల భాస్వరపు అగ్గిపుల్లల నిషేధ చట్ట మని దాని పేరు. అప్పటికి మనము వాడు పుల్లలు ఎక్కువగా స్వీడనునుండి, జపానునుండి దిగుమతి యగుచుండెను. బ్రిటను చేరిన ఒడంబడిక వెంట వచ్చిన శాసన మది. మనవారు అడిగి తెచ్చుకొన్నది కాదు. అయినను దాని మేలు చిన్నది కాదు. 1919లో వాషింగ్టనులో చేరిన తొలి అంతర్జాతీయ కార్మిక సమ్మేళనము, బెర్న్ ఒడంబడికలో చేరని రాజ్యములన్నియు చేరవలెనని సిఫారసు చేసెను. 1923లో స్వీడను వారి మూలధనముతో వెస్టరన్ ఇండియా మ్యాచ్ కంపెనీ యేర్పడెను. ఆ కాలముననే కలకత్తాలో పని నేర్చుకొని వచ్చిన నాడారులిరువురు తమిళదేశములోని శివకాశిలో చేతిపనిగా అగ్గిపుల్లల పరిశ్రమను నాటిరి. మన దేశమున ఈ పరిశ్రమ వేళ్ళూనునప్పటికే తెల్ల భాస్వరము తొలగింపబడియుండెను. శివకాశి పిల్లలకు ఈస్ట్ లండను పిల్లల దవడ రాలేదు.

పిల్లలు మాత్రము వచ్చిరి. ముద్దలో విషము లేకపోయినను నిప్పు కలదు, క్లోరేటు ధూళి కలదు, పొద్దు పొడవక ముందే పల్లెలనుండి పిల్లలను ఎక్కించుకొని వచ్చు బస్సులు కలవు. 1986 నాటి బాలకార్మిక చట్టము అగ్గిపుల్లల తయారీని పిల్లలకు నిషిద్ధమైన పనులలో చేర్చెను. 1996 డిసెంబరు 10వ తేదీన సుప్రీముకోర్టు, శివకాశి పిల్లలనుగూర్చి ఎం. సి. మెహతా తెచ్చిన వ్యాజ్యములో, చట్టమునకు విరుద్ధముగా పనిలో పెట్టుకొన్న ప్రతి బిడ్డకును యజమాని 20,000 రూపాయలు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. అయితే 1986 చట్టములో నొక వాక్యము కలదు: కుటుంబములోనివారి సహాయముతో గృహస్థుడు తానే నడపుకొను పనిచోటునకు ఈ నిషేధము వర్తింపదు. స్విట్జర్లాండు కొండపల్లెలలోని వంటయిండ్లు ఆ వాక్యము చదివినప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినవి. పెద్ద కొట్టములోని పని చిన్న యిండ్లకు పంచబడినచో, గడప దగ్గఱ ఇన్‌స్పెక్టరు ఆగిపోవలెను. లోపల బిడ్డ పుల్లలు పేర్చుచుండును. ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట, 2016 నాటి సవరణలో, కుటుంబపు పనికి నిచ్చిన మినహాయింపు అపాయకరమైన పనులకు వర్తింపదని వ్రాయబడెను.